స్కేట్లు, హోవర్‌బోర్డులు, ఈ-స్కూటర్లు: బరంపురం నుంచి రాయగడ దాకా మన వీధుల్లో నడిపేముందు

పదో తరగతి పాసైన పిల్లాడు ఒకప్పుడు సైకిలు అడిగేవాడు. ఇప్పుడు హోవర్‌బోర్డు (రెండు చక్రాల మధ్య పలక మీద నిలబడి నడిపే బ్యాటరీ బండి) అడుగుతున్నాడు, కాదంటే నిలబడి నడిపే ఎలక్ట్రిక్ స్కూటర్. దుకాణంలో ధర కంటే ముందు వినబడే మాట ఒకటుంది: "దీనికి లైసెన్సు అక్కర్లేదు సార్, నంబరు ప్లేటూ అక్కర్లేదు." ఆ మాట కొన్ని బండ్లకు నిజమే. చాలావాటికి కాదు. ఏది దేనికి వర్తిస్తుందో తేల్చుకోకుండా కొంటే, రేపు థానాకు తిరగాల్సింది దుకాణదారు కాదు, పిల్లాడి తల్లిదండ్రులు.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఊళ్లలోని తెలుగు కుటుంబాలకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మునిసిపాలిటీ బోర్డులు ఒడియాలో ఉంటాయి. మాట్లాడటం వచ్చినా చదవడం రానివాళ్లు మన ఇళ్లలో ఎందరో. సామాజిక మాధ్యమాల్లో తెలుగులో దొరికే సలహాలేమో హైదరాబాద్‌నో, విశాఖనో దృష్టిలో పెట్టుకుని రాసినవి. అందుకే మన ఊళ్లను దృష్టిలో పెట్టుకుని, ఏ క్రమంలో ఏం చూసుకోవాలో రాస్తున్నాను.

ముందుగా, నియమాలు ఎక్కడ రాసి ఉన్నాయి?

స్కేటింగ్‌కంటూ మన దేశంలో వేరే చట్టం లేదు. మూడు చోట్ల నుంచి నియమాలు కలిసి వస్తాయి. మొదటిది కేంద్రం చేసిన 1988 మోటారు వాహనాల చట్టం, దాని కింద వచ్చిన 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు. ఏది మోటారు బండి, ఏది కాదు అని తేల్చేవి ఇవే. రెండోది స్థానిక సంస్థ. బరంపురానికి కార్పొరేషన్ ఉంది కాబట్టి 2003 ఒడిశా మునిసిపల్ కార్పొరేషన్ చట్టం వర్తిస్తుంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, కోరాపుట్ మునిసిపాలిటీలకు 1950 ఒడిశా మునిసిపల్ చట్టం. పార్కులు, మైదానాలు, ఫుట్‌పాత్‌ల అధికారం వీళ్లది. మూడోది పోలీసు. రోడ్డు మీద ఎవరికైనా ప్రమాదం కలిగించినా, దారికి అడ్డం పడినా 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కింద కేసు పెట్టవచ్చు.

సరిహద్దు దాటి ఇచ్ఛాపురం వెళ్లినా, పర్లాకిమిడి నుంచి పాతపట్నంలో అడుగుపెట్టినా మొదటిదీ మూడోదీ మారవు. మారేది స్థానిక సంస్థ ఒక్కటే. బరంపురంలో ఒక పార్కు గేటు దగ్గర ఒప్పుకున్నారు కదా అని ఇచ్ఛాపురంలోనూ ఒప్పుకోవాలని లేదు.

మొదటి మెట్టు: మీ చేతిలో ఉన్నది ఏ రకం?

మనిషి బలంతో మాత్రమే కదిలేవి ఒక రకం. రోలర్ స్కేట్లు, ఇన్‌లైన్ స్కేట్లు, స్కేట్‌బోర్డు, కాలితో తోసే స్కూటర్ ఇందులోకి వస్తాయి. ఇవి మోటారు బండ్లు కావు. లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా ఏవీ అక్కర్లేదు.

రెండో రకం, బ్యాటరీతో నడిచినా చట్టం మినహాయింపు ఇచ్చినవి. కేంద్ర నియమాల్లో 2(యు) అనే నిబంధన దీనికి మూలం. మోటారు ముప్పై నిమిషాల పాటు నిలకడగా ఇవ్వగల శక్తి 0.25 కిలోవాట్‌కు, అంటే 250 వాట్లకు లోపు ఉండాలి. గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపు ఉండాలి. పెడల్‌తో కలిసి పనిచేసే ఎలక్ట్రిక్ సైకిలైతే వేగం 25కు చేరేసరికి, లేదా తొక్కడం ఆపగానే మోటారు ఆగిపోవాలి. మంచి బ్రేకులు, ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలి.

ఇక్కడిదాకా దుకాణాల్లో కూడా చెప్తారు. చెప్పనిది ఏమిటంటే, ఈ షరతులు నిజంగా ఉన్నాయని ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థ ధ్రువీకరించి ఉండాలి. పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటివి ఆ సంస్థలు. అట్టపెట్టె మీద 250 వాట్లు అని అచ్చువేసినంత మాత్రాన మినహాయింపు రాదు. పరీక్ష చేయించిన కాగితం ఉంటేనే వస్తుంది. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి.

మూడో రకం, ఈ రెండింట్లోనూ ఇమడనివన్నీ. ఎక్కువ వాట్ల స్టాండింగ్ స్కూటర్లు, ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డులు, హోవర్‌బోర్డులు, ఒంటి చక్రం బండ్లు, పెట్రోలు పాకెట్ బైకులు. నాలుగు కంటే తక్కువ చక్రాలుండి ఇంజిన్ 25 సీసీకి మించకపోతే చట్టం దాన్ని మోటారు బండిగా లెక్కించదు. ఆన్‌లైన్‌లో పిల్లల కోసమని అమ్మే పాకెట్ బైకుల్లో 49 సీసీవి ఉంటాయి. అవి మోటారు బండ్లే. అయినా ఆమోదం పొందిన మోడల్ కాకపోతే ఆర్టీవో ఆఫీసులో రిజిస్టర్ చేయించలేరు. అంటే రోడ్డెక్కించే దారే లేదు.

రెండో మెట్టు: బండిని తిరగేసి చదవండి

కొనేముందు దుకాణంలోనే బండిని బోర్లా పడుకోబెట్టి, అడుగున అంటించిన చిన్న స్టిక్కర్‌ను ఫోను లైటు వేసి చదవండి. ఒక మామూలు హోవర్‌బోర్డు అడుగున ఇలా ఉంటుంది: 36 వోల్టులు, 4.4 ఆంపియర్ అవర్, 2×250 వాట్లు. చూడగానే 250 అనే అంకె కళ్లబడుతుంది, సరిపోయిందిలే అనుకుంటాం. దాని ముందున్న 2 సంగతి చూడండి. రెండు చక్రాలకు రెండు మోటార్లు. కలిపితే 500 వాట్లు. మినహాయింపు పరిధికి రెట్టింపు.

స్టాండింగ్ స్కూటర్‌లో మోటారు సాధారణంగా ముందు లేదా వెనక చక్రం మధ్యలోనే ఉంటుంది. దాని పక్క ప్లేటు మీద అంకె చెక్కి ఉంటే పెట్టె మీది అంకెతో పోల్చండి. 350, 500 అని కనబడితే ఇక మాట్లాడుకోవాల్సింది లేదు.

కొన్నిటికి ఫోను యాప్‌లో వేగపరిమితి తీసేసే మీట ఉంటుంది. "25 మీద లాక్ చేసి ఇస్తాం, కావాలంటే మీరే తీసుకోవచ్చు" అంటారు. పరిమితి తీసేశాక ఆ బండి పరీక్షలో నెగ్గిన బండి కాదు. మినహాయింపు చెల్లదు, అప్పుడది నంబరు లేని మోటారు బండి కింద లెక్క. దుకాణదారే ఈ మాట చెప్తున్నాడంటే అక్కడ కొనకపోవడమే మంచిది.

మూడో మెట్టు: కాగితాలు అడగండి

పరీక్షా సంస్థ ఇచ్చిన ధ్రువీకరణ ప్రతి అడగండి. అందులోని మోడల్ పేరు, బిల్లు మీది పేరు, బండి మీది పేరు మూడూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. ఒకే కంపెనీ ఒక మోడల్‌కు పరీక్ష చేయించి, అదే పోలికలున్న ఇంకో మోడల్ అమ్మినప్పుడు మోసపోయేది ఇక్కడే. బిల్లు మీద మోడల్‌తోపాటు ఛాసిస్ నంబరు, మోటారు వాట్లు రాయించుకోండి. ఆ కాగితాల ఫోటోలు ఫోనులో పెట్టుకోండి, జిరాక్స్ ఒకటి బండి సంచిలో ఉంచండి.

25 కిలోమీటర్లు దాటే ఎలక్ట్రిక్ స్కూటర్లకు మామూలు బండ్ల నియమాలే. రిజిస్ట్రేషన్, బీమా, లైసెన్సు, హెల్మెట్ అన్నీ ఉండాలి. సొంత బండికి ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలుంటాయి. ప్లేటు లేకుండా తిరుగుతున్న స్కూటీ లాంటి బండి కనబడితే అది మినహాయింపు ఉన్నదా, ఎగవేసినదా అని పోలీసుకు అనుమానం రావడం సహజం. ఆ అనుమానం తీర్చేది మీ దగ్గరున్న కాగితమే.

చిన్నపిల్లల బొమ్మ బండ్లది వేరే లెక్క. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. బ్యాటరీతో నడిచే బొమ్మ కారైనా అంతే. ముద్ర లేనిది చవగ్గా వస్తోందని కొనకండి.

నాలుగో మెట్టు: ఎక్కడ నడపాలి

స్కేట్లు రోడ్డు మీద వేసుకోకూడదని మోటారు వాహనాల చట్టంలో రాసి లేదు. రాయలేదు కాబట్టి హక్కుందని కాదు. దారికి అడ్డం పడి జనానికి ప్రమాదం కలిగిస్తే న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది. ఎదుటివాళ్ల ప్రాణానికి ముప్పు తెచ్చేలా దూసుకెళ్తే 281. ఎవరికైనా గాయమైతే 125.

ఊరి సంగతి కొస్తే, బరంపురం పెద్ద బజారు, గేట్ బజారు, గిరి రోడ్డు లాంటి చోట్ల స్కేట్ల మాట తలపెట్టకండి. నడిచేవాళ్లకే చోటు చాలదు. ఆవులు, తోపుడు బళ్లు, ఆటోలు, వాటి మధ్యలోంచి హారన్ కొట్టుకుంటూ మోటారు సైకిళ్లు. పైగా కాలువల మీద పరిచిన పలకల మధ్య సందులుంటాయి. స్కేట్‌బోర్డు చక్రం చిన్నది, గట్టిది. ఆ సందులో ఇరుక్కుంటే బోర్డు అక్కడే ఆగుతుంది, మనిషి ఆగడు. పాత వీధుల్లో జరిగే దెబ్బల్లో వేగం కంటే ఈ సందులకే ఎక్కువ భయపడాలి.

పెద్ద రోడ్లు అంతకంటే ప్రమాదం. 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రీపగలూ లారీలు నడుస్తూనే ఉంటాయి. దాని సర్వీసు రోడ్డు ఖాళీగా కనబడినా ఎదురుగా తప్పుదారిలో వచ్చే బండ్లుంటాయి. కోరాపుట్ నుంచి సుంకి మీదుగా సాలూరు దిగే 26వ నంబరు రహదారి ఘాట్‌లో లాంగ్‌బోర్డు (పొడుగాటి స్కేట్‌బోర్డు) మీద జారుతూ దిగాలని కుర్రాళ్లకు సరదా పుట్టవచ్చు. దయచేసి దిగకండి. మలుపు తిరిగాక ఎదురొచ్చే లారీ డ్రైవరుకు మీరు కనబడేసరికి బ్రేకు వేసే దూరం మిగలదు.

మినహాయింపు ఉన్న ఈ-సైకిళ్లు, తక్కువ వేగం స్కూటర్లు రోడ్డుకు ఎడమ అంచున, సైకిళ్లు వెళ్లే చోట వెళ్లాలి. ఫుట్‌పాత్ నడిచేవాళ్లది, ఎక్కించవద్దు. మూడో రకం బండ్లకు మాత్రం ప్రహరీ లోపలి చోటు ఒక్కటే సరైనది: అపార్ట్‌మెంట్ ఆవరణ, కల్యాణమండపం ఖాళీ స్థలం, సెలవు రోజున యాజమాన్యం ఒప్పుకున్న బడి ఆవరణ. ఒప్పుకోలు కాగితం మీద తీసుకోండి. అదే ఆవరణలో ముసలివాళ్లు సాయంత్రం నడకకు వస్తారు కాబట్టి వేళ కూడా మాట్లాడుకోండి. "పెద్దమ్మా, మీరు నడిచే టైము చెప్పండి, ఆ గంట పిల్లల్ని దింపం" అని ముందే అడిగితే తగాదాకు ఆస్కారం ఉండదు.

రెండేళ్లకోసారి ఠాకురాణి జాతర వచ్చినప్పుడు, ఏటా రథయాత్ర నాడు పోలీసులు దారులు మళ్లిస్తారు. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద ఫలానా రోడ్డు మీద ఫలానా బండ్లు వద్దని ఆంక్ష పెట్టవచ్చు. నెలలోపు ఆంక్షకు గెజిట్ ప్రకటన కూడా అక్కర్లేదు, స్థానికంగా చాటితే చాలు. ఆ రోజుల్లో చక్రాలు ఇంట్లోనే ఉంచండి.

రైల్వే ప్లాట్‌ఫారం మీద స్కేట్లు సంచిలో ఉండాలి, కాళ్లకు కాదు. విమానానికైతే హోవర్‌బోర్డు తీసుకెళ్లవద్దు. లిథియం బ్యాటరీ వల్ల చాలా ఎయిర్‌లైన్లు దాన్ని సామానుగా ఒప్పుకోవు.

అయిదో మెట్టు: వయసు

మినహాయింపు ఉన్న బండికి చట్టంలో లైసెన్సు వయసు లేదు. కానీ పన్నెండేళ్ల పిల్లాడిని ట్రాఫిక్‌లోకి పంపమని దాని అర్థం కాదు. మోటారు బండికి 18 నిండాలి. 50 సీసీ మించని మోటారు సైకిలుకు మాత్రం 16.

2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి వచ్చిన 199ఎ సెక్షన్‌ను ప్రతి తల్లీ తండ్రీ చదవాలి. మైనరు మోటారు బండి నడిపి నేరం చేస్తే నేరం సంరక్షకుడిది, లేదా యజమానిది. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. "నాకు తెలియకుండా తీశాడు" అని చెప్పుకోవచ్చు, కానీ అది నిరూపించుకోవాల్సింది మీరే. బండి మోటారు వాహనమని తేలితే లైసెన్సు లేనందుకు 5,000, బీమా లేనందుకు 2,000 దాకా జరిమానాలు వేరే. ఒక బొమ్మ కొన్నామనుకున్న ఇంటికి ఇదంతా వచ్చిపడేది కాగితం అడగకపోవడం వల్లే.

ఆరో మెట్టు: ఒంటి రక్షణ, బ్యాటరీ

తక్కువ వేగం బండికి చట్టం హెల్మెట్ అడగదు. మీరు మాత్రం అడగండి. స్కేటింగ్‌కు తల వెనక భాగం కూడా కప్పే హెల్మెట్ కావాలి, ఎందుకంటే స్కేట్ల మీంచి వెల్లకిలా పడటం ఎక్కువ. మోటారు సైకిలు హెల్మెట్ బరువు, చిన్నపిల్లల మెడకు భారం. సైకిలుకు, స్కేటింగ్‌కు ఉద్దేశించిన ఈఎన్ 1078 ప్రమాణం ఉన్నది చూడండి. ఈ-స్కూటర్‌కైతే ఐఎస్ఐ ముద్ర ఉన్న మామూలు హెల్మెట్టే మంచిది. డబ్బు తక్కువుంటే హెల్మెట్ తర్వాత మణికట్టు రక్షణ కొనండి, మోకాలి ప్యాడ్లు ఆ తర్వాత. పడేటప్పుడు ఎవరికైనా ముందు నేలకు తగిలేది చెయ్యే.

బ్యాటరీ గురించి మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఉంది. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ గజపతి జిల్లాను ముంచెత్తింది. తుపాను హెచ్చరిక రాగానే బండిని, ఛార్జర్‌ను నీళ్లు చేరని ఎత్తులో పెట్టండి. నీళ్లలో మునిగిన లిథియం బ్యాటరీ పైకి ఆరినట్టు కనబడినా లోపల తుప్పు మొదలై ఉంటుంది, రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. దాన్ని ఛార్జింగ్‌కు పెట్టకండి. ఇంటి బయట, కాలే వస్తువులకు దూరంగా ఉంచి సర్వీసు సెంటరుకు చెప్పండి. మామూలు రోజుల్లోనూ రాత్రి పడుకునేముందు ఛార్జింగ్ పెట్టి, బయటికి వెళ్లే ఒకే ఒక్క తలుపు దగ్గర బండిని ఉంచే అలవాటు మానుకోండి.

ఏడో మెట్టు: పోలీసులు ఆపితే, దెబ్బ తగిలితే

ఆపితే ఆగండి, దిగండి, కాగితం చూపించండి. ఒడియాలో నాలుగు మాటలు నెమ్మదిగా చెప్పగలిగితే సగం పని అయిపోతుంది. బండి పట్టుకెళ్తామంటే స్వాధీనం చేసుకున్నట్టు రసీదు అడగండి. అక్కడ వాదించకుండా, ధ్రువీకరణ ప్రతితో థానాకు వెళ్లి ఐఐసీని (థానా బాధ్యత చూసే ఇన్‌స్పెక్టర్‌ని) కలవండి. మైనరును ఆపితే తల్లిదండ్రులు వెంటనే వెళ్లాలి.

ప్రమాదం జరిగితే 112 లేదా 108. ఇక్కడ చాలామందికి తెలియని తేడా ఒకటుంది. స్కేటర్‌ను కారు గుద్దితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం కోరవచ్చు, కారు బీమా కంపెనీ చెల్లిస్తుంది. 2025లో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద ఏడు రోజుల వరకు 1.5 లక్షల రూపాయల దాకా వైద్యం కూడా అందుతుంది. అదే స్కేటరు, లేదా మినహాయింపు బండి ఒక ముసలాయన్ను గుద్దితే ఆ ట్రిబ్యునల్ లేదు, బీమా లేదు. ఆయన సివిల్ కోర్టుకు వెళ్లాలి, డబ్బు మీ జేబులోంచి కట్టాలి. లైసెన్సు అక్కర్లేని బండి అంటే బాధ్యత లేని బండి కాదు. ఇలాంటి నష్టాన్ని భరించే వ్యక్తిగత బాధ్యతా బీమా ఉందేమో మీ బీమా కంపెనీని అడగండి.

ఎనిమిదో మెట్టు: పిల్లలకు చోటు అడగండి

అక్కడొద్దు, ఇక్కడొద్దు అని చెప్పుకుంటూపోతే పిల్లలు ఎక్కడికి పోవాలి? టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్ క్రీడగా చేరింది. మన పిల్లలేమో కాలువ పలకల మీద నేర్చుకుంటున్నారు. ఊరు వాళ్లకు ఒక చదునైన చోటు బాకీ ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

దానికి కోట్లు అక్కర్లేదు. స్కేట్ల మీద ఆడే రోలర్ హాకీ మైదానం (రింకు) 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. బాస్కెట్‌బాల్ కోర్టు 28కి 15. నేర్చుకునే పిల్లలకు కోర్టు చాలు. కాబట్టి కొత్త రింకు కట్టమని కాకుండా, ఉన్న కాంక్రీటు కోర్టును వారంలో ఫలానా రోజుల్లో, ఫలానా గంటల్లో స్కేటింగ్‌కు కేటాయించమని అడగండి. ఖర్చు లేని కోరికకు కాదని చెప్పడం కష్టం.

దరఖాస్తు బరంపురంలోనైతే కార్పొరేషన్ కమిషనర్‌కు, మునిసిపాలిటీలో ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌కు రాయాలి. మీ వార్డు కార్పొరేటర్ లేదా కౌన్సిలర్ సంతకం ముందే తీసుకోండి. తెలుగు ఇళ్ల సంతకాలతో ఆపేయకుండా పక్కింటి ఒడియా కుటుంబాలనూ కలుపుకోండి, పిల్లలు కలిసే ఆడుతున్నారు కదా.

పార్కుల్లో ఏ నియమం ఉందో ఆఫీసులో ఎవరూ స్పష్టంగా చెప్పకపోతే సమాచార హక్కు దారి ఉంది. ఒడిశాలో ఫారం ఏ నింపాలి, గుర్తింపు కార్డు ప్రతి జతచేయాలి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి. చట్టం ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషు, హిందీ లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలి. అంటే తెలుగులో రాస్తే ఇక్కడ తీసుకోనవసరం లేదు. ఒడియా మీడియంలో చదివే మీ అమ్మాయి చేతనే రాయించండి. మూడు ప్రశ్నలు చాలు: స్కేట్లు, బ్యాటరీ బండ్ల మీద పార్కుల్లో ఉన్న ఉత్తర్వుల ప్రతులు, ఫలానా రోడ్డు మీద అమల్లో ఉన్న ఆంక్షల ప్రతులు, స్కేటింగ్‌కు కేటాయించిన స్థలాల జాబితా. "ఎందుకు కట్టలేదు?" లాంటి ప్రశ్నలు వేయకండి, వాటికి జవాబు చెప్పాల్సిన పని వాళ్లకు లేదు. ఉన్న కాగితాల ప్రతులే అడగండి.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని మొదటి అప్పీలు అధికారికి రాయండి. దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. గడువు లెక్క ఆ తేదీ నుంచే.